ముందు కబురు పెట్టొద్దు

రాజాం,
10-8-2025.

చి.సౌ. కౌముదికి సూర్యకాంతం పిన్ని దీవించి రాస్తున్నది.

విజయనగరంలో మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. మా ఉపేంద్ర ఫోన్ ఇంకా పోలీసుల దగ్గరే ఉంది, నాది ఎవరు వింటున్నారో! అందుకే ఇవాళ మీ ఊరొస్తున్న పక్కింటి సింధూరి చేతికిచ్చి పంపుతున్నాను.

సెల్‌ఫోన్ల షాపులో దొంగతనం జరిగిందని పోయినవారం వాణ్ణి నీలమ్మవలస స్టేషన్‌కు తీసుకెళ్లి, మర్నాడు వదిలేశారు. ఏం చేశారురా అంటే, ఏటీ సెయ్యలేదమ్మా, కూకోబెట్టి అడిగారంతే అంటాడు. మా కిరాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు ఇప్పుడు నిలబడే బేరాలు చేస్తున్నాడు. అన్నం తినడమూ నిలబడే. ఎందుకో తెలియకపోవడానికి నేనేమైనా చంటిపిల్లనా?

మీ బాబాయి మీదా నాకు అనుమానమే. కేసు లేకుండా వదిలారు, ఇంకేటి కావాలే నీకు అని కసురుతున్నారు. ఆ స్టేషన్ కానిస్టేబుల్ ఒకడు రోజూ కొట్టుకొచ్చి అగ్గిపెట్టె కొని, అబ్బాయి కులాసాయేనా అని అడిగి పోతాడు. అగ్గిపెట్టెలు తింటాడా ఏం?

అన్నిటికీ మూలం ఆ కామేష్. మా పక్కకొట్లో ఫోన్లు బాగుచేస్తాడు, ఉపేంద్రకు ప్రాణస్నేహితుడు. ముందు వాణ్ణే పట్టుకెళ్లారు. అప్పటినుంచి షట్టర్ దించే ఉంది. మావాడి పేరు చెప్పేసి, తను బయటపడి, కొత్తవలసలో అక్క ఇంట్లో దాక్కున్నాడని నా నమ్మకం. వాడి పేరెత్తితే చాలు, ఉపేంద్ర బయటికి పోతాడు. కనబడనీ, కడిగేస్తాను.

స్టేషన్లలో కొట్టడం ఆగిందో లేదో చూసే మీ కమిటీ మంగళవారం నీలమ్మవలస స్టేషన్‌కు వస్తోందటగా. కానిస్టేబులే చెప్పాడు, సున్నాలేయిస్తన్నాం, కెమెరాలు తుడుస్తన్నాం అని. ముందే కబురుపెట్టి వెళ్తే మీకేం కనబడుతుంది తల్లీ? ఆ పని కాగానే మా ఇంటికి రా. నువ్వడిగితే వాడు నోరిప్పుతాడు.

ఆశీస్సులతో,
నీ పిన్ని
సూర్యకాంతం

తా.క. ఉత్తరం మడుస్తుంటే ఉపేంద్ర లాక్కుని చదివాడు. భోరుమన్నాడమ్మా. ఎంత కొట్టినా కామేష్ ఎవరి పేరూ చెప్పలేదట. వాడింకా అక్కడే ఉన్నాడు. లాకప్‌లో కాదు, స్టేషన్ వెనకాల పాత క్వార్టర్స్‌లో. అక్కడ కెమెరా లేదు. నువ్వు బయట నోరిప్పితే ఈడు బతకడు అని చెప్పి మావాణ్ణి వదిలారట. కామేష్ లేచి నిలబడలేకపోతున్నాడట. మంగళవారం దాకా ఆగొద్దు, మా ఇంటికీ రావొద్దు. ఇవాళే, ఎవరికీ చెప్పకుండా, తిన్నగా ఆ వెనక క్వార్టర్స్‌కే వెళ్లు.