ఐదో సంతకం

జూన్ 7, 1999. ఉదయం

నాకు కుళ్ళుగా ఉంది. ఎంత మర్యాదగా రాద్దామన్నా ఈ మాటే వస్తోంది. పెళ్ళాం మీద కుళ్ళు.

నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చేసరికి ఎవాంజెలిన్ జడ వేసుకుంటూ డే షిఫ్ట్‌కి తయారవుతోంది. ఏవండీ, ఒక సంగతి చెప్పనా అంది. అమెరికాలో ఒక డాక్టరు డిక్టేషన్ మొదలుపెట్టే ముందు, మొన్నటి రిపోర్టు టైప్ చేసినవాళ్ళు ఎవరో గానీ థ్యాంక్స్, నా మందుల పేర్లు తప్పుల్లేకుండా రాసింది మీరొక్కరే అన్నాడట. ఆ రిపోర్టు ఈవిడది. చెబుతూ మురిసిపోయింది.

నేను చొక్కా విప్పుతూ, నీళ్ళు కాగాయా అన్నాను.

ఈ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో ఇద్దరం ఒకే రోజు చేరాం. డాక్టర్లు అక్కడ మాట్లాడతారు, మేము ఇక్కడ హైటెక్ సిటీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని టైప్ చేస్తాం. అసలు పనంతా రాత్రే వస్తుంది. రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఆడవాళ్ళు ఆఫీసులో పనిచేయకూడదని చట్టం. కాబట్టి రాత్రి టీమ్‌కి నేను లీడ్‌ని. పొద్దున్న మిగిలిపోయిన ఫైళ్ళు వాళ్ళకి. ఆవిడ పని నా పనికంటే బాగుంటుంది. ఆఫీసులో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. చట్టం పుణ్యమా అని నా పరువు నిలబడింది.

నాకు ఇంతవరకు ఒక్క డాక్టరూ థ్యాంక్స్ చెప్పలేదు.

జూన్ 10

ఇవాళ మీటింగ్. మా పర్సనెల్ మేనేజర్ విశ్వేశ్వరరావు గారు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో యూనియన్లతో తలపడి వచ్చిన మనిషి. చట్టం అంటే ఆయనకి భక్తి, భయం రెండూ ఉన్నాయి. క్లయింట్ ఒత్తిడి చేస్తున్నాడట. రాత్రి షిఫ్ట్‌లోకి ఆడవాళ్ళని తీసుకోవడానికి లేబర్ ఆఫీసులో పర్మిషన్ అడుగుతున్నామన్నారు. క్యాబ్, రెస్ట్ రూమ్, సెక్యూరిటీ అన్నీ కంపెనీయే చూసుకోవాలట.

తర్వాత అసలు మాట చెప్పారు. పర్మిషన్ వస్తే రాత్రి ఎడిటర్ ఎవాంజెలిన్. అంటే నా ఫైళ్ళు దిద్దేది తనే. కంగ్రాట్స్ ప్రేమ్ కుమార్ గారూ అని అందరూ నా చెయ్యి ఊపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు మాత్రం ఇకిలించాను.

ఉన్నట్టుండి నా నోట్లోంచి ఒక తెలివైన మాట వచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో ఒప్పుకోవద్దాండి, పెళ్ళయినవాళ్ళ దగ్గర భర్త సంతకం, కానివాళ్ళ దగ్గర తండ్రి సంతకం తీసుకుంటే కంపెనీకి సేఫ్ కదా అన్నాను. విశ్వేశ్వరరావు గారు టేబుల్ మీద చరిచారు. భలే చెప్పారండి, రేపు ఏమైనా జరిగితే మన మెడకి చుట్టుకోకుండా ఉంటుందండి అన్నారు. వెంటనే లెటర్లు టైప్ చేయించారు.

ఇంటికి వస్తూ దారంతా ఈల వేసుకున్నాను.

జూన్ 11

లెటర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చింది. తర్వాత పెడతాలే అన్నాను.

జూన్ 13, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి, పక్క వీధిలో ఉండే మా ఇంటి ఓనరు బాలనర్సయ్య వాకిట్లో ఉన్నాడు. కొత్తగూడలో పుట్టి పెరిగిన మనిషి. కూతురు యశస్విని మా ఆఫీసులోనే ట్రైనీ. ఆ పిల్ల లెటర్ చూపిస్తే స్కూటర్ సీటు మీదనే పెట్టి సంతకం గీకేశాడట. నా బిడ్డ మీద నాకు భరోసా లేకుంటె ఎట్ల సార్, అయినా రాత్రి మీరు ఆడనే ఉంటరు గద, నాకేం ఫికర్ అన్నాడు.

నా భుజం తట్టి మరీ అన్నాడు. చచ్చేంత సిగ్గేసింది. అయినా సంతకం పెట్టలేదు.

జూన్ 16

లెటర్ ఇచ్చారా అని అడిగింది. ఇచ్చేశాను అన్నాను. అది నా బ్యాగు పక్క జిప్పులో ఉంది.

జూన్ 19

విశ్వేశ్వరరావు గారు పిలిచారు. రాత్రి షిఫ్ట్‌లో ఒకళ్ళో ఇద్దరో ఆడవాళ్ళుంటే ఒప్పుకోరట, కనీసం ఐదుగురు కలిసి ఉండాలని లేబర్ ఆఫీసరు గట్టిగా చెప్పాడట. నాలుగు లెటర్లు వచ్చాయి. ఐదోది రాకపోతే ఎవ్వరికీ పర్మిషన్ రాదు. మీ ఇంట్లోదే ఆగిందండి, ఐడియా చెప్పింది మీరేగా అని నవ్వారు. మా ఆవిడకి ఒంట్లో బాగుండడం లేదండి, ఇంకా ఆలోచిస్తోంది అన్నాను.

నిక్షేపంలా ఉంది మనిషి. ఆ పూటే రెండు బిందెల నీళ్ళు మోసింది.

ఆవిడ ఒక్కదాన్నే ఆపుదామనుకున్నాను. ఇప్పుడు ఐదుగురినీ పట్టుకుని కూర్చున్నాను. వదిలేస్తే పోయేదే కదా. వదల్లేకపోతున్నాను.

జూన్ 22

పని అప్పజెప్పడానికి పొద్దున్న తొమ్మిది దాకా ఆఫీసులోనే ఆగాను. తను వచ్చి కూర్చుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుంది, కాసేపటికి కిసుక్కున నవ్వింది. ఏమిటట అంటే, మా డాక్టరు చిప్స్ నములుతూ మాట్లాడుతున్నాడండీ, పేషెంటుకేమో తిండి తగ్గించమని చెబుతున్నాడు అంది.

మా డాక్టరట. మా!

వాడికి ఎంత వయసుంటుంది అని అడిగాను. నా వంక అలాగే చూసింది. మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నాతో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. అమెరికాలో ఉన్న ఎవడో డాక్టరు నోట్లోని చిప్స్ మీద కూడా నాకు కడుపు మండుతోంది. ఛీ, నా బతుకు.

జూన్ 25

నిన్న సాయంత్రం బాలనర్సయ్య భార్య సత్తెమ్మ వచ్చి మా గడపలో చతికిలబడింది. యశస్విని పొద్దున్నించీ ఏడుస్తోందట. రాత్రి డ్యూటీ దొరికితేనే ఆ పిల్లని పర్మనెంట్ చేస్తారు, పగలు ట్రైనీలకి పని లేదు. ఎవరిదో లెటర్ రాలేదంట సార్, ఆమె మొగుడు ఎవడో గానీ వాని చెయ్యి విరగ, గింత సంతకం పెట్టనీకి ఏం రోగం వానికి అంది. ఇంకా చాలా అంది. అవన్నీ రాయలేను. ఆవిడకి తిట్లలో ఎక్కడా తడబాటు లేదు. చివరికి, మీరన్న జర చెప్పి చూడుండ్రి సార్ అని నన్నే బతిమాలింది.

పక్కనే ఎవాంజెలిన్ బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. బాధపడకండి పిన్నీ, వస్తుందిలే అంది.

ఆ రాత్రి రిపోర్టులో కుడి కాలికి బదులు ఎడమ కాలు అని టైప్ చేశాను. పొద్దున్న తను పట్టుకుని దిద్దింది. ఎవరికీ చెప్పలేదు.

జూలై 1

అయిపోయింది.

విశ్వేశ్వరరావు గారు నాలుగు లెటర్లూ పట్టుకుని, ఐదోదానికి గడువు అడుగుదామని లేబర్ ఆఫీసుకు వెళ్ళారట. ఆఫీసరు ఆ కాగితాలు చూసి, ఉద్యోగం ఆమెదా, ఆమె మొగుడిదా, ఇవన్నీ ఎవరడిగారయ్యా మిమ్మల్ని అని మొహం వాచేలా చివాట్లు పెట్టాడట. పనిచేసేవాళ్ళ ఇష్టం చాలన్నాడట. నాలుగు లెటర్లూ వెనక్కి ఇచ్చేశాడు.

అయిదింటికి అందరినీ కూర్చోబెట్టి కొత్త కాగితం తిప్పారు. ఐదుగురూ ఎవరి సంతకం వాళ్ళే పెట్టుకున్నారు. యశస్విని తన పేరు రెండుసార్లు చదువుకుంది. ఎవాంజెలిన్ సంతకం పెట్టి, పెన్ను మూత తనే బిగించింది. చివర్లో విశ్వేశ్వరరావు గారు గొంతు సవరించుకుని, భార్య కింద భర్త పనిచేస్తే రేపు కంప్లయింట్లు వస్తాయండి, సోమవారం నుంచి ప్రేమ్ గారు డే షిఫ్ట్‌కి వెళతారు అన్నారు.

ఇంటికొచ్చాక, ఎలాగూ సంతకం పెట్టేవాణ్ణే, పనిలో పడి మరిచిపోయాను అన్నాను. అడక్కుండానే అన్నాను. ఆవిడ పప్పులో తాలింపు వేసి, మూత పెట్టి, అప్పుడు మాట్లాడింది.

రోజూ సాయంత్రం మీ బ్యాగులో డబ్బా పెట్టేది నేనే కదండీ అంది. ఇచ్చేశానన్న రోజే చూశాను. ఈ పూటైనా పెడతారేమో అని ప్రతి సాయంత్రం జిప్పు తీసి చూసేదాన్ని. సంతకం కోసం కాదు, ఆ ఉద్యోగం లేకపోయినా బతికేదాన్ని. మీరు పెడితే చూద్దామని.

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అరిచేవాణ్ణి.

జూలై 5

డే షిఫ్ట్. మిగిలిపోయిన ఫైళ్ళు.

జూలై 6. ఉదయం

క్యాబ్ ఆగిన చప్పుడైతే గేటు దగ్గరికి వెళ్ళాను. లోపల ఐదుగురూ ఒకటే నవ్వులు. తను దిగింది, వెనక్కి తిరిగి వాళ్ళతో ఏదో అంది, మళ్ళీ పగలబడి నవ్వింది. ఇటు తిరిగి నన్ను చూసింది. నవ్వు ఆపేసింది.

రేపటి నుంచి ఆ టైముకి నేను బయట నిలబడను. తలుపు దాకా నవ్వుకుంటూ రానీ.