కమ్యూనిటీ హాలు తాళం

మంగళవారం రాత్రి

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ రోజు నా ఎడమ చెప్పు తెగిపోయినది. ప్రెసిడెంటు ఇంటికి అంత కోపంగా నడిస్తే తెగదా మరి?

చెల్లెలి కూతురు రాణికి ఇరవై ఏళ్ళు, బుద్ధి మాత్రం చిన్నపిల్లది. అలాంటి పిల్లలున్న తల్లులు మా వీధి కమ్యూనిటీ హాల్లో వంతులు వేసుకున్నారు. రోజుకొకరు పిల్లలందరినీ చూసుకుంటే మిగతావాళ్ళు పనికి పోతారు. లేకపోతే చెల్లెలు రాణిని గదిలో పెట్టి గొళ్ళెం వేసి బెల్లం మార్కెట్టుకు పోవాలి. ఇంట్లో ఎంత నేర్పినా రాని బొత్తాలు, రాణి అక్కడ పక్కపిల్లను చూసి పెట్టుకుంది.

అలాంటి హాలుకు ఈ రోజు ప్రెసిడెంటు తాళం వేశాడు.

"హాలు అద్దెకడిగే పెళ్ళిళ్ళోళ్ళు ఈ పిల్లల్ని సూసి జడుసుకుంటన్నారు బావా. ఈళ్ళని ఇళ్ళలోనే ఉంచుకోండి" అన్నాడు.

వాడి కూతురి పెళ్ళికి వీధంతా వంతులేసుకుని చాకిరీ చేసింది. అది సాయమట, ఇది గోలట! ఒళ్ళు మండిపోయింది.

"సరే బావా, శనివారం కలెక్టరుగారు ఈ పిల్లల్ని సూడ్డానికి వత్తన్నారు. తాళం ఎందుకేసేవో నువ్వే సెప్పుకో" అన్నాను.

సచ్చినోడు పరుగెత్తి తాళం తీశాడు. గోడలకు సున్నం కూడా వేయిస్తాడట.

"కలెక్టరుగారికి దణ్ణం ఎట్టడం దీనికి నేర్పన్నయ్యా" అంటోంది చెల్లెలు.

ఏం నేర్పను? కలెక్టరు వస్తున్నాడన్న మాట మొత్తం నేను పుట్టించిందే.