కుక్కర్ కూయని రెండు రోజులు

అత్తయ్యగారికి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం, వీధి తలుపే కాస్త దెబ్బతింది.

కంగారు పడకండి. మా కింది వాటాలో రిటైరైన నర్సు ఒకావిడ ఒంటరిగా ఉంటుంది. కుక్కర్ గోల ఆవిడకి పడదేమోనని మీ అబ్బాయి మొదటి విజిల్‌కే పరుగున వెళ్లి స్టవ్ కట్టేసేవారు. రోజూ పలుకు పప్పు తినలేక నా ప్రాణం విసిగిపోయింది. పోయిన వారం సముద్రం చూడ్డానికి వెళ్లి రెండు రోజులకి తిరిగొస్తే, మా తలుపు పగలగొట్టి ఉంది. గుమ్మంలో పోలీసు, పక్కన కిందావిడ.

"పొద్దున మీ కుక్కర్ కూస్తేనే నేను టీ పెట్టుకుంటాను. రెండు రోజులుగా చప్పుడు లేకపోతే ఏమనుకోవాలి?" అని మాకే చీవాట్లు పెట్టింది. అసలు ఒక్క కూతకే ఎందుకు ఆపేస్తున్నారని కూడా నిలదీసింది. ఇప్పుడు మూడు విజిళ్లూ నిండుగా వస్తున్నాయి, పప్పు వెన్నలా ఉడుకుతోంది.

కుక్కర్ రబ్బరు అరిగిపోయింది. పిన్నిగారి అల్లుడు వస్తున్నాడుగా, ఒకటి పంపండి. ఆవకాయ మాత్రం వద్దు, పోయినసారి కారి ఆయన ఆఫీసు చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి. మామయ్యగారు మోకాలికి నూనె రాస్తున్నారా, మానేశారా? వారికి నా దణ్ణాలు చెప్పండి.

ఇకమీదట గడప దాటితే ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తాం అన్నీ కిందావిడకి చెప్పి వెళ్లాలట. మీరు దగ్గర లేరన్న బెంగ నాకు పూర్తిగా తీరిపోయింది అత్తయ్యా.

మీ కోడలు