రాయి కరిగి

మార్చి 3
గుహ దగ్గర పెట్టే బోర్డుకి మ్యాటర్ రాసిమ్మని అక్కడి మేనేజర్ అడిగాడు. ఇరవై రెండేళ్ళుగా జియాలజీ చెబుతున్నవాణ్ణి, పేజీ నిండా రాశాను. వాన నీరు మట్టిలోంచి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుంటుంది. కాస్త పులుపెక్కుతుంది. సున్నపురాయి పగుళ్ళలో దూరి, రాయిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. అలా లక్షల ఏళ్ళు. పెద్దదైపోయిందండీ, ఒక్క లైను చాలు అన్నాడు. ఈ మొహాలకి ఒక్క లైనే ఎక్కువ. ‘లక్షల ఏళ్ళలో రాయి కరిగి ఈ గుహ ఏర్పడింది’ అని గీకి పడేశాను. నీళ్ళ మాట ఎగిరిపోయింది. పోతే పోనీ.

మార్చి 17
బావ అక్కడ గైడు. ఏరికోరి అక్కని ఈ మహానుభావుడికిచ్చి చేశారు. బోర్డు చదివి, ఒకప్పుడు ఇక్కడ భయంకరమైన వేడి పుట్టి రాయి వెన్నలా కరిగిందని జనానికి చెబుతున్నాడట. ఒకావిడ గోడ మీద చెయ్యేసి, ఇంకా వెచ్చగానే ఉందందట. స్టాఫ్ రూంలో చెబితే కెమిస్ట్రీ ఆయన నవ్వి నవ్వి చేతిలోని టీ చొక్కా మీద పోసుకున్నాడు.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం
అక్క ఇంట్లో భోజనం. చదువుకున్నవాణ్ణని బావ నన్ను మీరు అంటాడు. అక్క వంటింట్లోకి వెళ్ళగానే, ఎండలు ముదురుతున్నాయి కదా లెక్చరర్ గారూ, రాయి మళ్ళీ కరుగుతుందంటారా అని అడిగాడు. ఇలాంటి బుర్రకి ఏం చెప్పాలి. మొహం సీరియస్‌గా పెట్టి, కరగకేం చేస్తుంది బావా, రోజూ గుహ పైకప్పుకి నీళ్ళు కొట్టు అన్నాను. బుద్ధిగా తలూపాడు.

ఏప్రిల్ 11
నిజంగానే కొడుతున్నాడు. మోటారు పెట్టించాడు. పొద్దున గంట, సాయంత్రం గంట. మేనేజర్ మెచ్చుకున్నాడు కూడానట. వెళ్ళి చూసొచ్చాను, నవ్వలేక చచ్చాను.
ఒక్కటి బాగాలేదు. రెండో గదిలో మంచమంత రాతి పలక ఒకటి పగులులోని బంకమట్టి పట్టు మీదే వేలాడుతోంది. ఇప్పుడు ఆ మట్టి ఎర్రగా కారిపోతోంది. బావ సరిగ్గా దాని కిందే నిలబడి పైపు పట్టుకుంటాడు. రేపు చెప్పాలి.

ఏప్రిల్ 12
చెప్పలేదు. నేనన్నది వేళాకోళమని ఒప్పుకోవాలి. ఇతగాడి ముందా.

ఏప్రిల్ 16
పేపర్లు దిద్దాను. సున్నపురాయి గుహలు అగ్నిపర్వతాల వల్ల పుడతాయని ముప్పై ఎనిమిది మంది రాశారు. నా క్లాసే. గాడిదలు.
బావకి ఇవాళా చెప్పలేదు.

ఏప్రిల్ 19, ఉదయం 11
పలక పడింది. అక్క ఫోన్ చేసింది. బావ కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయిందట.

ఏప్రిల్ 21
కాలు తీసేశారు.

ఏప్రిల్ 29
ఎంక్వయిరీకి నిపుణుడిగా నన్నే వేశారు. వీళ్ళకి ఇంకెవరు దొరుకుతారు. హాస్పిటల్లోనే కూర్చున్నాం. నీళ్ళు కొట్టమని ఎవరు చెప్పారని ఆఫీసరు అడిగాడు. బావ నా వైపు చూడనైనా చూడలేదు. ఎవరూ చెప్పలేదండీ, బోర్డు చదివి నేనే అనుకున్నాను అన్నాడు. రిపోర్టులో ‘గైడు అవగాహనా లోపం’ అని రాశాను. సంతకం పెట్టాను.

మే 1
బావ మంచం దగ్గరికి రమ్మని, చెవిలో చెప్పాడు. పలక పడ్డానికి ముందు రోజు మోటారు చెడిపోయి నీళ్ళు కొట్టలేదట. మీ మాట తప్పాను, అందుకే కరిగి పడింది, మీ అక్కకి చెప్పకండి అన్నాడు.
చెప్పను బావా అన్నాను.