గడ్డం కొంచెం పైకి

ప్రియమైన మొండిఘటానికి,

నువ్వు ఎగిరి గంతేసే కబురు. మా ఫోటో సంఘం వాళ్ళం మీ ఊరే వస్తున్నాం! మూడు రోజులుంటాం. మా ప్రెసిడెంటు పళ్ళ డాక్టరని తెలుసుగా, ఆయనకి ఎవరో మీ రాళ్ళ తీరం, ఆ లైట్‌హౌసు బొమ్మ చూపించారట. అప్పట్నుంచి పన్ను పీకుతూ కూడా అదే ధ్యాస. నేను ఊరుకుంటానా? "మా ఆవిడ అక్కడే చేపల కంపెనీ ఆఫీసులో లెక్కలు రాస్తుంది, అన్నీ దగ్గరుండి చూపిస్తుంది" అనేశాను.

కాబట్టి నీకు కొంచెం పని. స్టాండు నిలబెట్టడానికి రాళ్ళమీద చదునైన చోటు ఎక్కడుందో చూసిపెట్టు. పొద్దుటెండ లైట్‌హౌసు మీద ఎటువైపు నుంచి పడుతుందో కూడా. లాడ్జీలో గదులు అడుగు. చివరి రోజు మీ కంపెనీ షెడ్డుకి వెళ్తాం, అక్కడ ఆడవాళ్ళు చేపలు కోస్తుంటారు కదా. ఈసారి పోటీకి 'శ్రమ' అనే అంశం ఇచ్చారు. మీ మేనేజరు చెవిన ఒక మాట వేసి ఉంచు.

ఇక్కడ పొద్దస్తమానం స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి "గడ్డం కొంచెం పైకి" అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన నీకూ ఒకప్పుడు అదే చెప్పాను. నాకు కలిసొచ్చింది ఆ ఒక్క ఫోటోనే! మా అక్క నిన్న పక్కింటావిడతో "మా మరదలిది కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం" అని ఒకటే గొప్పలు. వింటూ నేనూ కాలరెగరేశాను, అబద్ధం ఎందుకు.

నీ ఫోటోల పిచ్చోడు

*

ప్రియమైన శ్రీవారికి,

మీరొస్తున్నారంటే సంతోషం కాక ఇంకేముంటుంది? కానీ ఇప్పుడు కాదండీ. గాలి ఎలా వీస్తోందంటే గొడుగులే తిరగబడుతున్నాయి, మీ స్టాండు ఒక లెక్కా? రాళ్ళన్నీ పాకుడు పట్టాయి. మొన్న ఎవరో పెద్దాయన జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మీ డాక్టరుగారే బోర్లాపడితే ఆయన పళ్ళు ఎవరు కడతారు? లాడ్జీలో గదులు లేవట. ఉన్నా కుళాయిల్లో నీళ్ళు రావట.

షెడ్డు సంగతి అసలు తలపెట్టకండి. అంతా నీచు వాసన, కాళ్ళకింద ఐసు నీళ్ళు. రబ్బరు బూట్లు, నెత్తిన టోపీ, ముఖానికి ముసుగు, చేతులకి తొడుగులు. ఎవరు ఎవరో వాళ్ళకే తెలియదు, ఇక మీరేం తీస్తారు? అయినా అలా ఒళ్ళు వంచి బతికేవాళ్ళకి ఫోటోలో పడాలని ఉంటుందా చెప్పండి?

వదినగారితో నా ఉద్యోగం గురించి అందరికీ అంత గొప్పగా చెప్పొద్దనండి. నాకు సిగ్గుగా ఉంటుంది.

మీ మొండిఘటం

*

ఏమోయ్,

గదులున్నాయి. డాక్టరుగారు లాడ్జీకి ఫోన్ చేస్తే గదులున్నాయి, కుళాయిలున్నాయి, వేడినీళ్ళు కూడా ఉన్నాయన్నారట. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. "మీ ఆవిడ వేరే ఊళ్ళో ఉందేమో కనుక్కోండి" అని ఒకాయన జోకు కూడా వేశాడు.

నాకిప్పుడు అర్థమైంది. కుర్చీలో కూర్చునే ఆవిడకి, చొక్కా నిండా ఫోటోలు కడిగే మందు మరకలతో తిరిగే స్టూడియోవాణ్ణి మొగుడని చూపించుకోవడం నామోషీ. ఆ ముక్క సూటిగా చెప్తే పోయేది. గాలిని, వానని, పాపం ఆ కాలు విరిగిన పెద్దాయన్ని మధ్యలోకి లాగడం ఎందుకు?

వాళ్ళు వెళ్తారు. నేను రాను. నీ కుర్చీ చల్లగా ఉండాలి.

ఇట్లు,
స్టూడియోవాడు

*

ప్రియమైన శ్రీవారికి,

ఫోటోలు బాగా వచ్చాయా?

ఆ నీలం చొక్కా కాలరు వెనకవైపు చిరిగింది. పారేయకండి, నేను వచ్చినప్పుడు కుడతాను.

మీ మొండిఘటం

*

ప్రియమైన అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు,

రానని రాసి, వచ్చాను. ఉడుకుమోత్తనం. మీ ఆఫీసు ముందునుంచి అటూ ఇటూ నడిచాను. కిటికీలోంచి చూసి నువ్వే పరిగెత్తుకు రావాలని పంతం. నువ్వు రాలేదు. సరేలే అని, చూడకుండానే తిరిగి వెళ్ళిపోవాలనుకున్నాను. అంతకుముందు అందరితో కలిసి షెడ్డుకి వచ్చాను.

వరస చివర ఒకావిడ నన్ను చూసి కత్తి ఆపింది. కెమెరాలోంచి చూస్తే వెలుతురు బాగుంది. అలవాటు కొద్దీ "గడ్డం కొంచెం ఎత్తమ్మా" అన్నాను. ఎత్తింది. అంతలోనే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయింది. "చెయ్యి దించమ్మా" అన్నాను. దించింది. తీసుకున్నాను, వచ్చేశాను.

ఆ ఫోటోని నా చేతులతోనే కడిగాను. పెద్దది చేసి సంఘంలో పెట్టాను. "ఆ కళ్ళల్లో దైన్యం చూశారా!" అన్నారు డాక్టరుగారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడ్డాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఆ రోజు వేసుకున్న చొక్కా కాలరు నువ్వెప్పుడు చూశావా అనుకున్నాను. ఫోటో తీసి చూశాను. ఎత్తమంటే ఎడమ పక్కకి వాలే ఆ గడ్డం. స్టూలు మీద కూర్చున్న రోజున కూడా నీది అలాగే వాలింది, నేను వచ్చి సరిచేశాను. స్టూడియో తలుపులేసుకుని ఆ స్టూలు మీదే కూలబడ్డాను.

ముక్కూ మొహం తెలియని వాళ్ళ చెవి తమ్మెలు కూడా గుర్తుపెట్టుకునేవాణ్ణి నేను. కట్టుకున్నదాన్ని గుర్తుపట్టలేకపోయాను. నా కంట పడకూడదని నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకుంటే, అదీ దించమన్నాను. మా గొప్పలే నిన్ను అలా దాక్కునేలా చేశాయి. ఉద్యోగం సంగతి ఎందుకు చెప్పలేదని అడిగే ముఖం నాకు లేదు. ఫోటో పోటీ నుంచి వెనక్కి తెచ్చేశాను. చింపేద్దామంటే చేతులు రావడం లేదు. నువ్వు చెప్పు, ఏం చెయ్యను?

సిగ్గుతో,
నీ పిచ్చోడు

*

ప్రియమైన శ్రీవారికి,

ఆఫీసు లెక్కలు యజమానిగారి బావమరిదికి అప్పజెప్పి నన్ను షెడ్డులోకి మార్చి చాలా నెలలైంది. ప్రతిసారీ ఈ ఉత్తరంలో రాసేద్దాం అని కూర్చోవడం, వదినగారి కుర్చీ గుర్తొచ్చి మానేయడం. పని చేయడానికి సిగ్గుపడలేదండీ, మీకు చెప్పడానికే సిగ్గుపడ్డాను. ఆ తప్పు నాదే, మీ మీదికి నెట్టను.

కానీ ఒక్కటి మాత్రం మీరు తప్పుగా అనుకున్నారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మిమ్మల్ని చూడగానే కత్తి ఆగిపోయింది. రానన్న మనిషి వచ్చారు! చచ్చేంత సిగ్గేసింది, అంత సంతోషమూ వేసింది. ఇంకెన్నాళ్ళీ దాగుడుమూతలు, ఇవాళ్టితో పోనీ అనుకున్నాను. ముసుగు కిందికి లాగుదామనే చెయ్యి ఎత్తాను. మీరు దించమన్నారు. అమ్మా అని మరీ చెప్పారు. దించాను.

మీరు అటు తిరిగి వెళ్తుంటే కాలరు చిరుగు కనబడింది. ఆ పూట వేలు కోసుకున్నాను.

ఫోటో చింపకండి. స్టూడియో ముందున్న అద్దాల అరలో పెట్టండి. ఎవరని అడిగితే మా ఆవిడ అనండి, చేపలు కోస్తుందనండి. ఆ కళ్ళల్లో ఉన్నది దైన్యం కాదని డాక్టరుగారికి కూడా చెప్పండి. నాకిప్పుడు కుర్చీ లేదన్న సంగతి వదినగారికి మీరే చెప్పాలి, నా వల్ల కాదు.

వచ్చే నెల మళ్ళీ రండి. సంఘం వద్దు, స్టాండు వద్దు, కెమెరా ఇంట్లో పెట్టి రండి. నీలం చొక్కా వేసుకోండి, సూదీ దారం నా దగ్గరుంటాయి. సాయంత్రం కంపెనీ సైరను కూత వేశాక షెడ్డు గేటు దగ్గర నిలబడండి. అందరం అవే టోపీలు, అవే ముసుగులతో గుంపుగా బయటికొస్తాం.

నేను పిలవను. మీరే గుర్తుపట్టాలి.

మీ మొండిఘటం