గది నంబరు 207 తలుపు

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
శ్రీకూర్మం దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న పెదకొయ్యపేట కాపురస్తుడు, చేపల వేట వృత్తిగా గల దాలయ్య పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: రిసార్టులో కొన్న 'ఏడాదికో వారం' వాటా రద్దు చేయించి, వేట నిషేధం ముగిసేలోగా నా సొమ్ము ఇప్పించుట గురించి, మరియు నాపై పెట్టిన తలుపు కేసు గురించి.

1. మా మామగారి తరఫున నాకు ఒక పడవలో పావు వాటా ఉండేది. పడవలో వాటా ఉన్నవాడు జ్వరంతో మంచాన పడినా వాడి చేప వాడి ఇంటికి వస్తుంది. కాగితం ఉండదు, మాటే.

2. నిరుడు వినోద్ అను ఏజెంటు మమ్మల్ని ఒక హాలుకు పిలిచి, బిరియానీ పెట్టి, కుక్కరు ఇచ్చి, ఇట్లు చెప్పెను: "ఇది కర్సు కాదు మావా, పెట్టుబడి. ఏడాదికో వారం గది నీది, ఇరవై అయిదేళ్ళు. నువ్వు రాకపోతే అద్దెకిచ్చి డబ్బులు నీకే పంపుతాం. బంగారంలాగ పెరుగుతాది." పడవ వాటాను మా బావ గంగరాజుకు అమ్మి, మూడు లక్షలు కట్టితిని. ఈ ఏడు వేసవి వేట నిషేధం ముగిసి పడవ నీటిలో దిగేలోగా సొమ్ము తిరిగిస్తే వాటా తిరిగిస్తానన్నాడు బావ. దిగాక ఇవ్వడు.

3. నాకిచ్చిన వారం తుపానుల నెలలో పడింది. అద్దె పైసా రాలేదు. పైగా నిర్వహణ ఖర్చని ఏటా పద్దెనిమిది వేలు కట్టమని నోటీసు. అమ్మేస్తానంటే కొనేవాడు లేడు. ఊరికే ఇస్తానన్నా మా బావ దండం పెట్టి వద్దన్నాడు. అమ్మితే రూపాయి రానిది, ఉంచుకుంటే ఏటేటా తినేది పెట్టుబడి ఎట్లా అవుతుందో తమరే సెలవివ్వాలి.

4. వాటా ఎగ్గొట్టినవాడి పడవ చుక్కాని ఊడదీసుకుపోయి, పెద్దలు తేల్చేదాకా ఇంట్లో ఉంచుకోవడం మా పేట ఆచారం. దాన్ని దొంగతనమనరు. రిసార్టుకు చుక్కాని లేదు. కావున మే ఆరో తారీకు పగలు పదకొండు గంటలకు, నా వాటా గది 207 తలుపు మడతబందులను గొడ్డలితో నరికితిని. ఏడు దెబ్బలకు ఊడింది. లోపల గజపతినగరం కొత్త దంపతులు మంచమెక్కి కేకలు వేయగా నమస్కారం పెట్టితిని. అడ్డొచ్చి నవ్విన మేనేజరు ధర్మేంద్ర మోచేయి విరిచితిని, ముక్కు పగలగొట్టితిని. గొడ్డలి వెనకవైపుతోనే కొట్టితిని, పదునుతో కాదు. ఈ తేడా పోలీసువారు రాసుకోలేదు. వాడు మళ్ళీ నవ్వితే రెండో చెయ్యి కూడా విరుస్తాను. అయ్యా, ఇది బెదిరింపు కాదు, మనవి.

5. బెయిలు మీద ఉన్నాను. రోజూ పదింటికి స్టేషనులో సంతకం పెట్టాలి. జూన్ పదిహేనున పడవలు దిగుతాయి. చీకటితో వేటకెళ్ళిన మనిషి పదింటికి ఒడ్డున ఉండడు. వాటా పోయి, కూలికి కూడా వెళ్ళలేకపోతే మేము తినేదేమిటి? నాకు ఏడుపొస్తోంది, అంతకు మించి ఒళ్ళు మండిపోతోంది.

కావున తమరు చిత్తగించి, పదిహేనులోగా ఒక దారి చూపవలెను.

ఇంకా కొద్ది రోజులు మాత్రమే
తమ విధేయుడుగా ఉండగలవాడు,
దాలయ్య
(రాసినది: మేనకోడలు అరుణశ్రీ)

తా.క.: కలెట్రు బాబూ, నాను ఆడి పెళ్ళాన్ని, లచ్మణమ్మని. ఆడు సంతకమెట్టి బీడీకి ఎల్లినాడు, ఈ నాలుగు ముక్కలు పిల్ల సేత నాను రాయిస్తన్నాను. పడవలో వాటా మా అయ్య నాకిచ్చినాడు. గొడ్డలి ఎత్తింది నానే. ఏడు దెబ్బలూ నావే, ఇప్పటికీ బుజం నొప్పెడతన్నాది. మా ఆయన గేటు కాడ ఆటోలో కూకున్నాడు, ఆడికి నెత్తురు సూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆడదాని సేతిలో దెబ్బలు తిన్నానని సెప్పుకోడానికి సిగ్గేసి ఆ మేనేజరు మా ఆయన పేరు రాయించినాడు. నన్ను జైల్లో ఎడతారని ఈడు ఒప్పేసుకున్నాడు.

తలుపు మా ఇంటి ముందరే ఉన్నాది, దాని మీద ఉప్పుసేపలు ఎండబెట్టినాను. ఎండినాక వొచ్చి పట్టుకుపొమ్మనండి.

కేసు నా పేరుకి మార్పించండి బాబూ. రోజూ పదింటికి నానెల్తాను. నాకు సంతకం రాదు, ఏలిముద్ర ఏస్తాను. ఆడిని పడవెక్కనివ్వండి.