తల అరిగిన సింహం

స్టానిఫోర్త్ గారికి,

మా అమ్మ మీ సేవా దుకాణానికి దానమిచ్చిన పాత చెంచా వెనక సింహం ముద్ర చూసి, అసలు వెండేనని సరిగ్గానే గుర్తుపట్టారు. ఆ వెంటనే, "ఇళ్లలో పాచిపని చేసేదానివి, నీకు వెండి ఎక్కడిదమ్మా? ఎవరింట్లో చేతికి తగిలింది?" అన్నారట. మరి దొంగసొత్తయితే పోలీసులకు కాకుండా మీ సొంత సొరుగులోకి ఎందుకు చేరింది?

ఈసారి భూతద్దంతో చూడండి. పక్కనున్న కిరీటం మన షెఫీల్డ్ ఊరి ముద్ర. సింహానికి తల లేదు. పదహారేళ్ల వయసులో వెండి ఫ్యాక్టరీలో మెరుగుపెట్టే చక్రానికి అమ్మ ఈ చెంచాను గట్టిగా అదిమితే ఆ తల అరిగిపోయింది. "చెడగొట్టావుగా పిల్లా, ఇక నువ్వే ఉంచుకో," అని మేస్త్రీ దాని ఖరీదు ఆమె జీతంలో కోసుకున్నాడు. వెండిని మెరిపించిన చేతులు మీకెప్పుడూ అనుమానమే.

శనివారం చెంచాతో మా ఇంటికొచ్చి అమ్మకు క్షమాపణ చెప్పండి. దొంగే అయితే, తలున్న సింహాన్నే ఎంచుకునేది కదా.

ఇట్లు,
ఆ పాచిపని మనిషి కూతురు